మూడో పేరు

పాపా,

పదహారేళ్లు నిండినదాన్ని పాప అని పిలవొద్దని పోయిన నెలే చెప్పావు. అలవాటు పోవడం లేదు, ఈ ఒక్క ఉత్తరానికి ఓర్చుకో. నాలుగు రోజులుగా మన ఇంట్లో "అన్నం పెట్టాను", "తిన్నాను" తప్ప ఇంకో మాట లేదు. ఎదురెదురుగా కూర్చుంటే ఐదు నిమిషాల్లో నేను టీచరునైపోతాను, నువ్వు ఫ్యాను వైపు చూస్తావు. అందుకని రాస్తున్నాను. దీన్ని నీ బొమ్మల పుస్తకం అట్ట కింద దూరుస్తాను. పుస్తకం తెరిచి చూడలేదు, చూడను.

కాలేజీ మొదలయ్యేలోపు అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు వెళ్లాలని పదో తరగతి పరీక్షలకు ముందే మొక్కుకున్నావు. ముగ్గురు అమ్మాయిలం, ఇద్దరు అబ్బాయిలం, మొత్తం ఐదుగురం అన్నావు. నేను సరేనన్నాను. పులిహోర కట్టిస్తానని కూడా అన్నాను. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు పెద్దమ్మ ఫోను వచ్చింది. పదింటికి నేను వద్దన్నాను. ఆ అరగంటలో అలిపిరి మారలేదు, మూడు వేల అయిదు వందల యాభై మెట్లూ మారలేదు, నువ్వూ మారలేదు.

కారణం అడిగితే చిరుత అన్నాను. 2023 ఆగస్టులో ఆ దారిలోనే ఆరేళ్ల పసిపిల్లను చిరుత ఎత్తుకెళ్లి చంపిన మాట నిజం. ఆ తర్వాత దేవస్థానం వాళ్లు పిల్లల విషయంలో ఆంక్షలు పెట్టిందీ, నడిచి వెళ్లేవాళ్ల చేతికి కర్రలు ఇచ్చిందీ నిజమే. నువ్వు అంతా విని, "అప్పుడు పెట్టిన ఆంక్ష మధ్యాహ్నం రెండు దాటాక, పదిహేనేళ్లలోపు వాళ్లకమ్మా. మేము వెళ్లేది పొద్దున. నాకు పదహారు" అన్నావు. జవాబు లేక గొంతు పెంచాను. అప్పుడు అడిగావు, "ఇది నీ మాటా, పెద్దమ్మ మాటా?" అని.

నేను చెయ్యెత్తాను. కొట్టలేదు. కానీ ఎత్తాను. దానికి నన్ను క్షమించు. నేను భయపడింది చిరుతకు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రాత్రి నిద్ర పట్టక పడుకుంటే మీ తాత గుర్తొచ్చారు. 1997 వేసవి. నేను పది పాసయ్యాను. చంద్రగిరి అవతల ఉన్న మా ఊరి నుంచి అప్పటికి ఒక్క ఆడపిల్ల కూడా తిరుపతికి వెళ్లి ఇంటర్ చదవలేదు. అంతకు రెండేళ్ల ముందు మీ మామకు కొత్త సైకిలు కొనిచ్చి కాలేజీకి పంపిన మనిషే, నా దగ్గరికి వచ్చేసరికి "చాల్లే, ఇంకెందుకు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. సాయంత్రం వాన పడేటట్టుంది అన్నంత మామూలుగా అన్నారు. మీ అవ్వ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. విడ్డూరం ఏమిటంటే, అదే న్యాయమని నాకూ అనిపించింది.

మా లెక్కల టీచరమ్మ ఒక ఆదివారం బస్సు దిగి రెండు కిలోమీటర్లు ఎండలో నడిచి మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగారు. రాగి సంగటి, వేరుశనగ పచ్చడి పెడితే తిన్నారు. తిని చెయ్యి కడుక్కుంటూ, "ఎందుకు ఆపుతున్నారు?" అని అడిగారు. "నలుగురు నానా మాటలంటారమ్మా" అన్నారు తాత. "ఎవరా నలుగురు? పేర్లు చెప్పండి, వాళ్ల ఇళ్లకు కూడా వెళ్లి మాట్లాడి వస్తాను" అన్నారామె. ఎగతాళి కాదు. సంచిలోంచి కాగితం, పెన్ను తీశారు. తాత మొదట మా మేనత్త పేరు చెప్పారు. తర్వాత మా మామిడితోట కాపు కొనే ఆయన పేరు చెప్పారు. మూడో పేరు దగ్గర ఆగిపోయారు. నోరు తెరిచి, మళ్లీ మూశారు. చివరికి ఆ కాగితం మీద రెండు పేర్లే మిగిలాయి.

అంతటితో తాత మారిపోయారనుకోకు. ఒప్పుకోవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ఒప్పుకోవడం కూడా ఆడపిల్లల కాలేజీ అయితేనే అన్న షరతు మీద. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ అంటే మళ్లీ అదే షరతు. తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉన్నా మా ఇంటి లెక్కలో అది లేనట్టే. 1983లో రామారావు ప్రభుత్వం పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పెట్టి ఉండకపోతే నా చదువు డిగ్రీతో సరి. అప్పటికి నాకు ఏడాది నిండిందేమో. పిల్లల భవిష్యత్తు తల్లిదండ్రుల చేతుల్లోనే ఉందని తల్లిదండ్రుల సమావేశాల్లో నేను కూడా చెబుతుంటాను. నా సంగతి చూసుకుంటే, ఎండలో నడిచి వచ్చిన ఒక టీచరమ్మ, పొద్దున ఏడింటి బస్సు, ఉయ్యాలలో ఉన్నప్పుడు నా ఊసే తెలియనివాళ్లు తీసుకున్న ఒక నిర్ణయం. ఇందులో మా నాన్న వాటా ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. తక్కువ మాత్రం కాదు. పదకొండో రోజున ఒప్పుకున్నారు కదా.

ఇక బడి. ఎనిమిదో తరగతి సైన్సులో కౌమారం పాఠం ఉంటుంది కదా. మాకు చెప్పాల్సిన సారు "ఇది ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేశారు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను చేసిందీ దాదాపు అదే. మగపిల్లల్ని బయటికి పంపి, ఆడపిల్లలకు గబగబా చెప్పేసి, గంట కొట్టగానే బతికిపోయాను అనుకున్నాను. ఇప్పుడు అందరినీ కూర్చోబెట్టే చెబుతున్నాను. ముందు నవ్వుతారు. పది నిమిషాలకు ఆ నవ్వు ఆగుతుంది. ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచి, "టీచర్, గొంతు ఇట్లా ఎన్నాళ్లుంటుంది?" అని అడిగాడు. గొంతు మధ్యలో పగిలింది, ఎవరూ నవ్వలేదు. ఆరు నెలలుగా నేను ప్రశ్న అడిగితే వాడు లేచి నిలబడేవాడే తప్ప జవాబు చెప్పేవాడు కాదు. మొండి అనుకున్నాను. వాడి ప్రోగ్రెస్ కార్డులో ఆ మాట రాశాను కూడా.

పరాయి పిల్లల విషయంలో కాస్తయినా నేర్చుకున్నాను. నీ విషయంలో అదీ లేదు. తొమ్మిదో తరగతిలో మీ బడిలో మార్కుల ప్రకారం పిల్లల్ని విడదీసి, నిన్ను మొదటి సెక్షన్ నుంచి రెండో సెక్షన్‌కు మార్చారు. ఇంటికొచ్చి చెప్పావు. "ఎన్ని మార్కుల్లో పోయింది?" అన్నది నేను అడిగిన మొదటి ప్రశ్న. ఆ నెల నుంచి బొమ్మలు వేయడం మానేశావు. మధ్యాహ్నం డబ్బా సగం అన్నంతో తిరిగొచ్చేది. నా తరగతిలో పిల్ల అయితే పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. నిన్ను ట్యూషన్‌కు పంపాను.

(ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నీ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుందని, అందుకే పిల్లలకు తొందరగా నిద్ర పట్టదని, పొద్దున్నే లేవలేరని నాకు తెలుసు. తెలిసే నీ ముఖాన నీళ్లు చల్లాను.)

పరీక్ష ఫలితాలు వచ్చిన మర్నాడు అన్నమయ్య సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి స్కూటరు ఆపితే, ఎదురుగా ర్యాంకుల ఫ్లెక్సీ. వందమంది పిల్లల ముఖాలు, తపాలా బిళ్లంత ఒక్కొక్కటి. "ఒక్కరు కూడా నవ్వడం లేదు చూడమ్మా" అన్నావు నువ్వు. నేను అప్పటికి అందులో మనకు తెలిసినవాళ్ల పిల్లలు ఎవరున్నారా అని వెతుకుతున్నాను. పదహారేళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. నీ ఏడో తరగతి లెక్కల పుస్తకం అట్ట మీదే ఐఐటీ అని అచ్చు వేసి ఉండేది. ఆ అట్టకు నేనే బ్రౌన్ కాగితం వేసి, పేరు రాసి ఇచ్చాను.

మళ్లీ ఎప్పుడు పెన్సిల్ పట్టావో సరిగా గుర్తులేదు, పదో తరగతి దసరా సెలవులప్పుడు అనుకుంటాను. నా వల్ల మాత్రం కాదు. మెట్లెక్కుదామనుకున్న మిగతా నలుగురి వల్లనేమో.

ఈ వయసులో స్నేహితుల మాటే వేదమని, వాళ్లుంటే పిల్లలు తెగిస్తారని పెద్దమ్మ వాదన. అది ఉత్త మాటేమీ కాదు. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు కంప్యూటర్ మీద కారు ఆట ఆడించి చూశారు. పసుపు లైటు పడ్డాక ఎంతదూరం పోనిచ్చి ఆపుతారన్నది ఆట. ఒంటరిగా ఆడినవాళ్ల కంటే తోటివాళ్ల మధ్య ఆడిన పదమూడు, పదహారేళ్ల మధ్య పిల్లలు చాలా ఎక్కువ తెగించారు. ఇరవై నాలుగు దాటినవాళ్లలో మాత్రం పక్కన ఎవరున్నా లేకున్నా పెద్ద తేడా కనిపించలేదు. ఆగి ఆలోచించే పని చూసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల వరకూ ముదురుతూనే ఉంటుంది మరి. ఈ ప్రయోగం నేను పిల్లలకు చెబుతుంటాను కూడా. అయితే ఆ పెద్దవాళ్లను మన వీధికి తీసుకొచ్చి ఆడించి ఉంటే ఏమి తేలేదో చూడాలని ఉంది. నలభై మూడేళ్ల మనిషిని, ఒక్క ఫోనుకు అరగంటలో మాట మార్చాను.

గంగమ్మ జాతర వారం గుర్తు తెచ్చుకో. మీ అన్న నా మామిడిపిందెల అంచు పట్టుచీర కట్టుకుని, నీ గాజులు వేసుకుని, మాతంగి వేషంలో వీధులన్నీ తిరిగి వచ్చాడు. పెద్దమ్మే వాడికి కాటుక దిద్దింది. అదే వారం నువ్వు జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంటే "ఇదేం వాలకమే" అన్నది. నేను నవ్వి ఊరుకున్నాను. నవ్వకుండా ఉండాల్సింది.

ఆ జాతర కథ నీకు చిన్నప్పటి నుంచి చెబుతున్నదే. పాలెగాడు ఆడపిల్లల్ని చెరబడుతుంటే గంగమ్మ వాడి మీదికి లేచింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. అమ్మ బైరాగి వేషంలో, బండ వేషంలో, తోటి వేషంలో, రోజుకో రూపంలో వాణ్ణి వెతికింది. చివరికి దొర వేషం చూసి, నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. తల పోయింది. ఇన్నేళ్లు చెప్పినా నాకు తట్టనిది మొన్న రాత్రి తట్టింది. ఆ కథలో దాక్కున్నది పాలెగాడు. గంగమ్మ వీధిలోనే ఉంది. మనం ఆ కథ చెప్పుకుని, పొంగలి పెట్టి, మర్నాడే ఆడపిల్లలతో చీకటి పడేలోపు ఇంట్లో ఉండమంటాం.

మీ అన్నను మాత్రం ఈ వీధి ముద్దు చేసిందని అనుకోకు. ఇంటర్ మొదటి ఏడాది హాస్టల్ నుంచి వచ్చిన ఒక రాత్రి వాడు మేడ మీద నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని ఏడుస్తుంటే మీ నాన్న చూసి చప్పుడు చేయకుండా కిందికి వచ్చేశారు. "మగపిల్లాడు, చూశానని తెలిస్తే సిగ్గుపడతాడు" అన్నారు. నేనూ నిజమే అనుకున్నాను. ఎందుకు ఏడ్చాడో ఇప్పటికీ అడగలేదు.

నిన్న సాయంత్రం పెద్దమ్మకు నేనే ఫోను చేశాను. "ఎవరేమంటున్నారక్కా, పేర్లు చెప్పు" అన్నాను. కోపం వచ్చింది. తర్వాత ఒక పేరు చెప్పింది, మందుల షాపు పక్కింటావిడది. రెండోది చెప్పలేదు. చాలాసేపు ఏమీ వినబడకపోతే ఫోను పెట్టేసిందేమో అనుకున్నాను. "నీకు టీచరమ్మ వచ్చింది. నాకు ఎవరూ రాలేదు కదే" అన్నది. ఆ టీచరమ్మ మా బడికి బదిలీ మీద వచ్చింది అక్క చదువు ఆగిపోయిన మరుసటి ఏడాది. ఇన్నేళ్లలో అక్క నోట ఆ మాట రావడం ఇదే మొదలు. నాకు ఏమనాలో తెలియలేదు. ఆమె కూడా ఏదో అనాలని అన్నట్టు లేదు.

నీ నలుగురి పేర్లు నేను అడగ్గానే చెప్పావు. ఎవరిది ఏ వీధో, ఎవరి అమ్మ ఎక్కడ పనిచేస్తుందో కూడా చెప్పావు. మూడో పేరు దగ్గర ఆగలేదు.

కాబట్టి ఆదివారం వెళ్లండి. నా భయం పోయిందని కాదు. గాలి గోపురం దగ్గరికి చేరాక ఒకసారి, కొండ మీదికి చేరాక ఒకసారి ఫోను చెయ్యి. మోకాళ్ల పర్వతం దగ్గర పందేలు వేసుకోకండి, అక్కడ అందరికీ ఆయాసం వస్తుంది. నన్నూ రమ్మంటావేమోనని ఆశ ఉంది, కానీ రాను. దిగేటప్పుడు బస్సులో రండి.

పులిహోరకు చింతపండు పులుసు పెద్దమ్మ చేసి పంపుతానంది. ఎంతమందికి అని అడిగింది. ఐదుగురికి అన్నాను. "ఆ అబ్బాయిలకు కూడానా?" అంది. వాళ్లకు కూడా అన్నాను. ఉప్పు కాస్త ఎక్కువేస్తుంది, ఏమీ అనకుండా తినండి.

అమ్మ