‘కనెక్షన్ ఫెయిల్డ్’ అని చెప్పి ఊరుకుంటే ఎలా?

సంపాదకుడు గారికి,

జీతాల ఫైలు బ్యాంకుకు పంపడం, బ్యాకప్ తీయడం, ఒక సర్వర్‌లోని డేటాను ఇంకో సర్వర్‌కు చేర్చడం లాంటి పనులు ఇప్పుడు రాత్రిపూట ఎవరూ దగ్గర లేకుండానే జరిగిపోతున్నాయి. ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ వల్ల ఎంతో శ్రమ తగ్గింది, అందులో సందేహం లేదు. కానీ మధ్యలో నెట్‌వర్క్ తేడా చేస్తే, పొద్దున వచ్చి చూసేవాళ్లకు కనిపించేది ‘కనెక్షన్ ఫెయిల్డ్’ అన్న ఒక్క ముక్క. ఎక్కడికి కనెక్ట్ కాబోయింది, ఏ దశలో ఆగింది, ఏమీ ఉండదు.

కనెక్ట్ అవ్వడమంటే ఒకే పని కాదు కదా. సర్వర్ పేరు చెప్పి డీఎన్ఎస్ (పేర్లకు అడ్రస్‌లు చూపే డైరెక్టరీ లాంటిది) నుంచి ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దాని నంబరు, తెచ్చుకోవాలి, ఆ అడ్రస్‌లో ఫలానా పోర్టు, అంటే ఆ సర్వీస్‌కు కేటాయించిన నంబరున్న తలుపు, తట్టాలి, అవతలిది అసలైన సర్వరేనని రుజువు చేసే టీఎల్ఎస్ సర్టిఫికెట్ సరిచూసుకోవాలి, ఆ తర్వాత పాస్‌వర్డో, దానికి బదులు వాడే టోకెనో చూపించాలి. ఎక్కడ తప్పిందన్నదాన్ని బట్టి ఎవరిని పిలవాలో మారిపోతుంది. ‘రెఫ్యూజ్డ్’ అని వెంటనే జవాబొస్తే చాలావరకు అవతలి మెషీన్ బాగానే ఉంది, దాని మీద నడవాల్సిన సర్వీస్ ఆగిపోయిందని అర్థం. టైమ్అవుట్ అయితే అసలు జవాబే రాలేదు, ఫైర్‌వాల్ (రాకపోకలను అడ్డుకునే రక్షణ వ్యవస్థ) మధ్యలో ప్యాకెట్లను, అంటే డేటా ముక్కలను, పారేస్తూ ఉండొచ్చు, మెషీనే ఆఫ్‌లో ఉండొచ్చు. సర్టిఫికెట్ గడువు తీరిపోయినప్పుడైతే నెట్‌వర్క్ టీమ్‌కు ఎన్ని ఫోన్లు చేసినా దండగే.

మా ఆఫీసులో ఒక జాబ్ (ఇలా తనంతట తానే నడిచే పని) ఆగిపోయి ‘నెట్‌వర్క్ ఎర్రర్, కాసేపాగి ప్రయత్నించండి’ అంటూ కూర్చుంది. మావాళ్లు కేబుళ్లు చూశారు, స్విచ్ రీస్టార్ట్ చేశారు, ఒకరి మీద ఒకరు విసుక్కున్నారు. చివరికి డీబగ్ లాగ్ (ప్రతి అడుగూ వివరంగా రాసిపెట్టే రికార్డు) ఆన్ చేస్తే అందులో 407 అని ఉంది, అంటే ప్రాక్సీ (బయటి సర్వర్లకూ మనకూ మధ్య ఉండే మధ్యవర్తి సర్వర్) లాగిన్ అడుగుతోంది, దాని పాస్‌వర్డ్ మార్చారు కానీ జాబ్‌లో పాతదే ఉండిపోయింది. సాఫ్ట్‌వేర్‌కు మొదటి క్షణం నుంచీ ఆ సంగతి తెలుసు, తెలిసీ చెప్పలేదు, నా బాధంతా అదే.

ఇది చేతకాని పనేమీ కాదు. నెట్‌వర్క్ మీద డేటా పంపే, తెచ్చే కర్ల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌నే చూడండి, సర్వర్ పేరు దొరక్కపోతే 6, కనెక్ట్ కాలేకపోతే 7, టైమ్అవుట్ అయితే 28, సర్టిఫికెట్ నమ్మదగ్గది కాకపోతే 60 అని దేనికదే విడివిడిగా కోడ్ ఇస్తుంది. డబ్బు తీసుకుని అమ్మే కొన్ని సాఫ్ట్‌వేర్లు మాత్రం వీటన్నిటినీ ఒకే మాటలో కలిపేస్తాయి.

దీనివల్ల పోయేది టైమ్ ఒక్కటే కాదు. కారణం తెలియక విసిగిపోయినవాళ్లు ముందు సర్టిఫికెట్ తనిఖీనే ఆపేస్తారు, తర్వాత దాన్ని మళ్లీ ఆన్ చేసేవాళ్లు అరుదు. తప్పు పాస్‌వర్డ్‌ను కూడా నెట్‌వర్క్ సమస్య అనుకుని జాబ్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తే అకౌంట్ లాక్ అయిపోతుంది, అక్కడితో ఇంకో తలనొప్పి మొదలు.

వివరాలు ఇస్తే హ్యాకర్లకు పనికొస్తాయని కొందరంటారు. బయటివాళ్లకు కనిపించే పేజీల విషయంలో ఆ భయం సబబే. కానీ జాబ్ నడిపే మనిషి చూసే లాగ్‌లో సర్వర్ పేరు, పోర్టు, ఆగిన దశ, ఎంతసేపు ఎదురుచూసింది, మళ్లీ ప్రయత్నిస్తుందా లేదా అన్నవి ఉంటే నష్టమేంటి? పాస్‌వర్డ్‌లు, టోకెన్లు మాత్రం ఎక్కడా కనిపించకూడదు, అంతే.

కొనే సంస్థలు కూడా ఈ విషయంలో గట్టిగా ఉండాలి. డెమో ఇచ్చేటప్పుడు అంతా సజావుగా నడిచింది చూసి సంతకం పెట్టేయకుండా, కావాలని తప్పు పోర్టు ఇచ్చి, గడువు తీరిన సర్టిఫికెట్ పెట్టి, నడుస్తుండగా కేబుల్ పీకి, ఒక్కోసారి ఏ మెసేజ్ వస్తోందో చూడాలి. మూడింటికీ ఒకటే మెసేజ్ వస్తే, అది సరిచేసి తెచ్చేదాకా ఆర్డర్ ఇవ్వకండి.

ఇట్లు,
ఒక సిస్టమ్ అడ్మిన్