మన తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024–25, విజయవాడ

సభ్య కుటుంబాలన్నిటికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనుల వివరం ఇది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. కోశాధికారి గారు దాన్ని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. మన ఇళ్ళలో ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలూ, మాటలు ఆలస్యమై ఇంకా పరీక్షలు జరుగుతున్న పిల్లలూ ఉన్నారు. ఎక్కువమంది పదేళ్ళలోపు వాళ్ళే. చాలా ఇళ్ళలో ఆ బిడ్డతో పాటు ఒక అక్కో తమ్ముడో కూడా పెరుగుతున్నారు.

ఏడాది మొదట్లోనే కార్యవర్గం ఒక నిర్ణయం తీసుకుంది. సభలకూ సన్మానాలకూ పెట్టే డబ్బు, ఓపిక తగ్గించి, పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఇంట్లో ఎక్కడ పని ఆగిపోతోందో అక్కడ సాయపడాలనుకున్నాం. ఏప్రిల్ 2 ఆటిజం అవగాహన దినం, డిసెంబర్ 3 దివ్యాంగుల దినోత్సవం సాదాగా జరుపుకున్నాం. స్టేజీ లేదు, శాలువాలు లేవు. కొందరు సభ్యులకు ఇది నచ్చలేదని తెలుసు. అయినా ఈ ఏడాది గడిచిన తీరు చూశాక, ఇదే దారిలో వెళ్ళాలని నేను గట్టిగా అంటాను.

వరద రోజులు

ఆగస్టు 31న కురిసిన వానకి బుడమేరు వాగు పొంగింది. సెప్టెంబర్ 1, ఆదివారం నాటికి సింగ్‌నగర్, పాయకాపురం, న్యూ రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీలను నీళ్ళు ముంచెత్తాయి. ఇంకోపక్క, మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. ఊరంతా కష్టంలోనే ఉంది. కానీ మన పిల్లలున్న ఇళ్ళలో ఆ కష్టం ఎలా ఉందో బయటివాళ్ళకి తెలియదు కాబట్టి, దీన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

మన సభ్యుల్లో ఒకరి ఆరేళ్ళ బాబు తెల్లగా ఉన్నది తప్ప తినడు. ఇడ్లీ, పెరుగన్నం, పాలు, అంతే. బోట్లలో వచ్చిన పొట్లాల్లో ఉన్నది పులిహోర. ఆకలేస్తే వాడే తింటాడులే అని పక్క డాబా మీదవాళ్ళు ధైర్యం చెప్పారు. వాడు తినలేదు. పసుపు పోయేలా అన్నం కడుగుదామంటే తాగడానికే మంచినీళ్ళు లేవు. పాల ప్యాకెట్లు అందేదాకా ఆ తల్లి ఇంట్లో మిగిలిన మేరీ బిస్కెట్లు ముక్కలు చేసి పెట్టింది. ఇది మొండితనం కాదు. ఆ రంగు, ఆ వాసన, నోట్లో ఆ తగిలే తీరు వాడి ఒంటికి నిజంగానే పడవు. ఈ సంగతి సహాయ శిబిరాల్లో పనిచేసేవాళ్ళకి ముందే చెప్పి ఉంచాలని మనకి అప్పుడు అర్థమైంది.

ఇంకో ఇంట్లో పాపకి ఫిట్స్ మందు అయిపోవచ్చింది. ఆ మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. ఫోన్లో చార్జింగ్ ఉండగానే వాళ్ళ నాన్న డాక్టరు చీటీ ఫోటో పంపారు. పటమటలో ఉన్న సభ్యులు మందు కొని సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా తీసుకెళ్ళారు. అక్కడినుంచి బోటు నడిపే కుర్రాళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చారు. ఆ కుర్రాళ్ళ పేర్లు అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. సంఘం తరఫున వాళ్ళకి ఇక్కడే దణ్ణం పెడుతున్నాం.

నీళ్ళు తీశాక మిగతా ఇళ్ళలో బురద కడుక్కుని, ప్రభుత్వం ప్రకటించిన సాయం కోసం పేర్లు రాయించుకుని, మెల్లగా మామూలు పనుల్లో పడ్డారు. మన పిల్లల్లో కొందరికి అది అంత తొందరగా కుదరలేదు. బాత్రూమ్ అలవాటైన పిల్లాడు మళ్ళీ పక్క తడపడం మొదలుపెట్టాడు. ఒక పాప మబ్బు పడితే చాలు, చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. ఆ ఇళ్ళకి కార్యవర్గం వాళ్ళు వెళ్ళి కూర్చుని, థెరపిస్టులతో ఫోన్లో మాట్లాడించారు. పాత దినచర్యను ముక్కలుగా, ఒక్కో పనిగా తిరిగి అలవాటు చేయమని వాళ్ళు చెప్పారు. కొన్ని ఇళ్ళలో దీనికి సంక్రాంతి దాకా పట్టింది.

వరద తగ్గకముందే, సెప్టెంబర్ 7న వినాయక చవితి వచ్చింది. ముంపు లేని వీధుల్లో పందిళ్ళు వేశారు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదన్న నిబంధన ఎప్పటినుంచో ఉంది. కాకపోతే మనవాళ్ళు నిబంధన పట్టుకుని పోట్లాటకు పోలేదు. పిల్లల్ని వెంటపెట్టుకుని వెళ్ళి, డీజే శబ్దానికి వీళ్ళకి ఏమవుతుందో చెప్పారు. రెండు పందిళ్ళవాళ్ళు స్పీకర్లు ఇంకోవైపుకి తిప్పారు. అడిగితే వింటారు అని అనుకోవడానికి ఇది చాలు.

దీని తర్వాత ప్రతి ఇంటికీ ఒక సంచి సిద్ధం చేయించాం. పదిహేను రోజుల మందులు, డాక్టరు చీటీ, సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ జిరాక్స్ ప్లాస్టిక్ కవర్లో, చెవులకు హెడ్‌ఫోన్లు, బిడ్డ తాగే గ్లాసు, పాడవకుండా నిలవుండే నచ్చిన తిండి ఏదైనా, పేరు, ఫోన్ నంబరు, "మాటలు రావు, శబ్దానికి భయం" అని రాసిన కార్డు. ఆ సంచిలో మందులు మార్చే పని ఇంటివాళ్ళదే. ప్రతి మూడు నెలలకూ గుర్తుచేసే పని మనది.

పొద్దున్న బస్సు వచ్చేలోపు

అమ్మలందరూ ఎక్కువ టెన్షన్ పడేది ఈ సమయంలోనే. పెద్దదానికి జడలు వేయాలి, చిన్నవాడికి బ్రష్ చేయించాలి. వాడికి పేస్టు మంట, యూనిఫామ్ కాలరు వెనక లేబులు గుచ్చుకోవడం, కుక్కర్ విజిల్ వేస్తే ఉలిక్కిపడి ఏడుపు. ఈలోపు బస్సు హారన్.

సంఘం డబ్బుతో ఒక లామినేషన్ మెషిన్ కొన్నాం. ఈ ఏడాది మనం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే. ఎవరి ఇంటి బ్రష్షు, ఎవరి ఇంటి బకెట్టు, ఎవరి పిల్లాడి బూట్లు, వాళ్ళ బడి బస్సు, అన్నీ ఫోన్లో ఫోటో తీసి, ప్రింటు వేయించి, లామినేట్ చేసి, పొద్దున చేయాల్సిన పనుల వరసలో గోడమీద అతికించాం. ఇంటర్నెట్లో దొరికే బొమ్మలు మన పిల్లల్లో చాలామందికి పనిచేయలేదు. ఆ బొమ్మలో బాత్‌టబ్ ఉంటుంది, మన ఇంట్లో ఉండేది మగ్గు. తన మగ్గు కనిపిస్తే పిల్లాడు లేచి వెళ్తాడు. అయిన పని కార్డు తీసి డబ్బాలో వేయడం వాడికే అప్పజెప్తే ఇంకా మంచిది.

మిగతా చిట్కాలు తల్లుల నోటినుంచి వచ్చినవే. లేబుళ్ళు కత్తిరించేయడం, కొత్త యూనిఫామ్‌ని నాలుగైదు సార్లు ఉతికాకే తొడగడం, విజిల్ రాబోయే ముందు "ఇప్పుడు కూత" అని చెప్పడం, పేస్టు లేకుండా ఉత్త బ్రష్‌తో మొదలుపెట్టడం. వీటిని ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయాలని ఉంది. వచ్చే ఏడాది చేద్దాం.

శనివారం సాయంత్రాలు

నెలకి రెండు శనివారాలు, రెండు మూడు కుటుంబాల పిల్లల్ని ఒక ఇంట్లో ఉంచుకుని, మిగతా తల్లులకి రెండు గంటలు ఖాళీ ఇచ్చే ఏర్పాటు జూలైలో మొదలైంది. చూసుకునేవాళ్ళు మన సభ్యులే, వంతులవారీగా. స్పెషల్ ఎడ్యుకేషన్ చదివే ఇద్దరు అమ్మాయిలు తోడుంటారు.

ఆ రెండు గంటల్లో ఎవరేం చేశారని మేం అడగలేదు. వాళ్ళే చెప్పారు. ఎక్కువమంది నిద్రపోయారట. ఒకావిడ తలంటు పోసుకుని, జుట్టు ఆరేదాకా డాబా మీద ఊరికే కూర్చుందట. ఇంకొకావిడ పెద్ద కూతుర్ని ఒక్కదాన్నే వెంటబెట్టుకుని రాజీవ్ గాంధీ పార్కుకి వెళ్ళింది. "అమ్మా, ఇవాళ నాతోనేనా?" అని ఆ పిల్ల దారంతా అడుగుతూనే ఉందట.

నాన్నలు కూడా వంతు తీసుకోవడం ఈ ఏడాది జరిగిన మంచి మార్పు. మొదట్లో ఇద్దరే ముందుకొచ్చారు. ఇప్పుడు నాన్నలే నడిపే శనివారాలు కూడా ఉన్నాయి. బిడ్డని ఎలా ఎత్తుకోవాలో, డైపర్ ఎప్పుడు మార్చాలో, ఏడిస్తే ఏ పాట పెట్టాలో నాన్నకి చేతనైతేనే అమ్మ జ్వరమొచ్చిన రోజున పడుకోగలదు.

తోబుట్టువులు

పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో పెద్దవాళ్ళు ప్రేమగానే అనే మాట ఒకటుంది: "రేపు అన్నయ్యని చూసుకోవాల్సింది నువ్వే తల్లీ." ఎనిమిదేళ్ళ పిల్ల మీద ఆ మాట పడితే ఏమవుతుందో డిసెంబర్ సెలవుల్లో తోబుట్టువులతో విడిగా కూర్చున్నప్పుడు తెలిసింది. ఒక కౌన్సిలర్ గారు ఉచితంగా వచ్చి వాళ్ళతో ఆడించి, మాట్లాడించారు. పెద్దవాళ్ళెవరినీ లోపలికి రానివ్వలేదు. పిల్లల అనుమతితో ఆవిడ మాకు చెప్పినవి ఇవి: తమ్ముడు పుస్తకాలు చింపితే టీచరుకి ఏం చెప్పాలో తెలియదు. స్నేహితుల్ని ఇంటికి పిలవాలంటే భయం, పిలవకపోతే బాధ. తనకి వచ్చిన మార్కుల గురించి ఇంట్లో ఎవరూ అడగరు. ఒక బాబైతే తనకి కూడా థెరపీ ఉంటే బాగుండు, అమ్మ వచ్చి పక్కన కూర్చుంటుంది అన్నాడు.

ఇది విన్నాక కార్యవర్గంలో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. ఇకమీదట తోబుట్టువులతో ఇలా కూర్చోవడం ఏడాదికి రెండుసార్లయినా జరగాలని తీర్మానించాం. ఇంట్లో చేయాల్సింది కూడా ఉంది. రోజూ పది నిమిషాలైనా ఆ రెండో బిడ్డతో, ఫోన్ పక్కన పెట్టి, వాళ్ళ కబుర్లే వినాలి. చుట్టాలు ఆ మాట అన్నప్పుడు "వాడిని మేం చూసుకుంటాం, దాన్ని చదువుకోనివ్వండి" అని బిడ్డ వినేలా చెప్పాలి.

బడి

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడీ వైకల్యం కారణంగా బిడ్డని చేర్చుకోననకూడదు. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళదాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, ఈ ఏడాది కూడా ఒక ప్రైవేటు బడి "మా దగ్గర స్టాఫ్ లేరండీ" అని మన సభ్యుల బిడ్డని వెనక్కి పంపింది. ఇంకో బడి తల్లినే రోజంతా క్లాసులో కూర్చోమంది. రెండు చోట్లా చట్టం కాపీ పట్టుకుని సంఘం తరఫున వెళ్ళాం. రెండో బడి దిగొచ్చింది. మొదటి చోట ఆ కుటుంబమే వద్దనుకుని, ఇంటి దగ్గర ప్రభుత్వ బడిలో చేర్పించింది. అక్కడ టీచరమ్మ మొదటివారంలోనే బాబుని కిటికీ పక్కనుంచి తన బల్ల దగ్గరికి మార్చి కూర్చోబెట్టింది. వాడిప్పుడు ప్రేయర్‌లో చివరిదాకా నిలబడుతున్నాడు.

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద నడిచే భవిత కేంద్రాలు మనలో చాలామందికి తెలియవు. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు, ఫీజు లేదు. ప్రైవేటు థెరపీ ఖర్చు తట్టుకోలేక మానేద్దామనుకునేవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళి చూడండి.

బామ్మలకీ, నాయనమ్మలకీ ఒక విన్నపం. "వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళకే మాట్లాడాడు" అని ఆగకండి. పిలిస్తే పలకకపోయినా, కళ్ళలోకి చూడకపోయినా, వేలితో చూపించి అడగకపోయినా రెండేళ్ళలోపే డాక్టరుకి చూపించాలి. పరీక్ష చేయించి ఏమీ లేదని తేలితే సంతోషమే.

కాగితాల పని

సదరం స్లాట్లు వార్డు సచివాలయంలో బుక్ చేయించడం, మెడికల్ బోర్డుకి తోడు వెళ్ళడం ఏడాది పొడుగునా సాగింది. చిన్నపిల్లలకి తాత్కాలిక సర్టిఫికెట్ ఇచ్చి మళ్ళీ రమ్మంటారు. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024లో నెలకి 6,000 రూపాయలైంది, అర్హత ఉండి ఇంకా దరఖాస్తు పెట్టుకోనివాళ్ళు ఉంటే చెప్పండి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం ఉన్న జాతీయ సంస్థకి పిల్లల్ని చూపించడానికి వెళ్ళే కుటుంబాలకి రైలు రాయితీ కాగితం దగ్గరుండి చేయించాం. తోడు లేకుండా ప్రయాణం చేయలేని మేధో వైకల్యం ఉన్న బిడ్డకీ, తోడు వెళ్ళే ఒకరికీ స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం తగ్గింపు ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు నడిపే నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా రక్షణ ఉంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళు చేరవచ్చు. డబ్బు ముందు మనం కట్టి తర్వాత తెప్పించుకోవాలి కాబట్టి ప్రతి బిల్లూ దాచండి. ఉద్యోగస్తులు ఈ ఏడాదికి (2024–25) ఆదాయపన్ను చట్టం 80డీడీ సెక్షన్ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు తీసుకోవచ్చు. కానీ పాత పన్ను విధానంలో ఉంటేనే. కొత్తదాంట్లోకి మారేముందు లెక్క వేసుకోండి.

వచ్చే ఏడాది

శనివారం ఏర్పాటు ఇప్పుడు పటమట, సింగ్‌నగర్ వైపు మాత్రమే ఉంది. భవానీపురం, గొల్లపూడి వైపు కూడా మొదలుపెట్టాలంటే ఒక ఇల్లు కావాలి. కింది అంతస్తు, గేటుకి గడియ, శబ్దానికి విసుక్కోని ఇరుగుపొరుగు ఉంటే చాలు. ఇవ్వగలిగినవాళ్ళు జూన్‌లో బడులు తెరిచేలోపు చెప్పండి. లామినేషన్ మెషిన్ కార్యదర్శి ఇంట్లో ఉంటుంది. ఆదివారం పొద్దున ఎవరైనా వచ్చి వాడుకోవచ్చు, షీట్లు సంఘానివే.

సభ్యత్వ రుసుము పెంచడం లేదు. కట్టలేని పరిస్థితి ఉంటే కోశాధికారి గారికి చెప్పండి, కారణం అడగరు. సర్వసభ్య సమావేశానికి పిల్లలందరినీ తీసుకురండి. వాళ్ళ కోసం పక్కన ఫ్యాన్లున్న విడి గది, చాపలు, పెరుగన్నం ఏర్పాటు చేశాం. మైకు వాడం.

ఇట్లు,
కార్యవర్గం తరఫున, కార్యదర్శి