కుర్చీ సంగతి తర్వాత, ముందు ముసాయిదా సంగతి చెప్పు

ఏరా,

నీ ఉత్తరం అందింది. శరణార్థుల విధానం మీద అంతర్జాతీయ సంప్రదింపుల ఏర్పాట్లన్నీ నీ నెత్తిన పడ్డాయన్నమాట. వేదిక మీద ఎంతమంది శరణార్థులను కూర్చోబెడితే బాగుంటుందని అడిగావు. ఆ లెక్క తర్వాత చూద్దాంలే. అసలు కాగితం ఎవరు రాస్తున్నారు, ఎప్పటికి పూర్తి చేస్తారు? ముందు అది చెప్పు.

2018లో ఏం జరిగిందో చూడు. శరణార్థులను ఆదుకోవడంపై దేశాలు కుదుర్చుకున్న అంగీకారపత్రం ఉందే, గ్లోబల్ కాంపాక్ట్, దాని తొలి ముసాయిదా జనవరి 31న వచ్చింది. ఫిబ్రవరి నుంచి దేశాలన్నీ జెనీవాలో కూర్చుని ఒక్కో వాక్యం మీద బేరమాడుకున్నాయి. శరణార్థులు తామే నడుపుకున్న మొదటి ప్రపంచ సదస్సు కూడా జెనీవాలోనే జరిగింది, కానీ జూన్ చివరి వారంలో. చివరి ముసాయిదా బయటికొచ్చిందీ ఆ వారమే! ఇక అప్పుడు ఏ మాట చెప్పి ఏం లాభం? ఆ డిసెంబర్ 17న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 181 దేశాలు దానికి ఓటేశాయి, అమెరికా, హంగరీ మాత్రం వద్దన్నాయి. ఎవరిని ఆదుకోవడానికి ఏర్పాట్లు చేస్తున్నామో వాళ్ళను అర్థవంతంగా కలుపుకుంటేనే అవి ఫలిస్తాయని అందులో చక్కగానే రాశారు. అయితే అది చట్టంలా ఎవరినీ కట్టిపడేయదు, వెంటపడి చేయించుకోవాల్సిందే.

సంఖ్యలు పెరుగుతున్నాయి, కాదనను. 2019 డిసెంబర్‌లో జెనీవాలో జరిగిన గ్లోబల్ రెఫ్యూజీ ఫోరమ్‌కి (శరణార్థుల కోసం దేశాలు హామీలు ప్రకటించే సమావేశం అది) సుమారు 3,000 మంది వస్తే అందులో శరణార్థులు 70 మంది వరకూ ఉన్నారు. 2023లో 4,000కు పైగా వచ్చినవాళ్ళలో 300 మంది దాటారు. కానీ ఇలాంటి చోట దేశాలు ప్రకటించే హామీలు నెలల ముందే తయారై ఉంటాయి. వేదిక ఎక్కి మూడు నిమిషాలు మాట్లాడినవాళ్ళు ఎంత గుండెలు కరిగేలా చెప్పినా అందులో ఒక్క అక్షరం మారదు. ఉత్సవ విగ్రహాలంటే అదే మరి. కెనడా మాత్రం తన అధికారిక ప్రతినిధి బృందంలోనే ఒక శరణార్థిని సలహాదారుగా తీసుకుంది. బృందంలో ఉన్న మనిషి దేశం లోపలి చర్చల్లో కూర్చుంటాడు, అక్కడే మాట మారుతుంది. నీకు ఎవరైనా దౌత్యాధికారి పరిచయముంటే అడగాల్సిన మొదటి పని ఇదే.

ఇక ప్రయాణం. నిజం చెప్పాలంటే ఎక్కువ పేర్లు రాలిపోయేది ఇక్కడే. పిలుపు రెండు నెలల ముందు పంపితే సగంమంది ఇంట్లోనే ఉండిపోతారు. నీ సమావేశమూ జెనీవాలోనైతే, స్విట్జర్లాండ్ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) ఉంది కాబట్టి వీసాకి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, సందేహమొస్తే 45 రోజుల దాకా సాగదీయొచ్చు. ప్రయాణ పత్రానికి తిరుగు తేదీ తర్వాత ఇంకో మూడు నెలల గడువు మిగిలుండాలి, 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. శరణార్థుల హక్కుల మీద దేశాలు చేసుకున్న 1951 ఒప్పందం 28వ అధికరణం కింద ఇచ్చే ప్రయాణ పత్రం ఉన్నా, కొన్ని దేశాలు దాన్ని ఒప్పుకోవు. పైగా పత్రం ఇచ్చిన దేశం మళ్ళీ తిరిగి రానిచ్చే హామీకి గడువు తక్కువ రాసి ఉంటే కాన్సులేట్ వాళ్ళు అక్కడే పట్టుకుంటారు. ఆ గడువు రాసి ఉన్న పేజీని నువ్వే తెప్పించుకుని చదువు. ఆశ్రయం దరఖాస్తు ఇంకా తేలనివాళ్ళకు ఈ పత్రం కూడా ఉండదు. కొన్ని దేశాల్లో శిబిరం దాటి రాజధానిలోని వీసా కేంద్రానికి వెళ్ళడానికే వేరే అనుమతి కావాలి. ఆ ప్రయాణాన్ని కూడా నీ లెక్కలో వేసుకో.

డబ్బు ముందే ఇవ్వు. బిల్లులు తెస్తే తర్వాత చెల్లిస్తామంటే ఎవరి చేతిలో ఉందని ఖర్చు పెడతారు? చాలామందికి బ్యాంకు ఖాతాయే ఉండదు, కాబట్టి నగదో మొబైల్ చెల్లింపో నీ సంస్థ లెక్కల విభాగంతో ఇప్పుడే ఒప్పించి పెట్టుకో. సలహాకి కన్సల్టెంటుకి ఫీజిచ్చి, శరణార్థికి మాత్రం టీ, బిస్కెట్లు పెట్టి పంపడం నాకైతే సిగ్గుచేటనిపిస్తుంది.

దుబాసీల విషయంలో పిసినారితనం వద్దు. వినేటప్పుడే అనువదించే పద్ధతిలో ఒక్కో భాషకి ఇద్దరు కావాలి, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారాలి. ఒక్కరితో నెట్టుకొస్తే గంట తిరిగేసరికి మాటలు జారిపోతాయి. ఒకరు ఆగాక మరొకరు చెప్పే పద్ధతైతే సమయం రెట్టింపు పెట్టు. లేకపోతే పది నిమిషాలిచ్చినట్టు కనిపించి ఐదే ఇచ్చినట్టవుతుంది.

ఎవరిని పిలవాలో నువ్వు ఎంచకు. మళ్ళీ ఆ ఇంగ్లీషు బాగా వచ్చిన నలుగురే తేలతారు. ఉగాండాలో నివాస ప్రాంతాల్లో శరణార్థులు తమ సంఘాలను తామే ఎన్నుకుంటారు. అక్కడి నుంచి శరణార్థి ప్రతినిధులు కలిసే రెఫ్యూజీ ఎంగేజ్‌మెంట్ ఫోరమ్‌కీ, దాని నుంచి శరణార్థుల విధానాన్ని నడిపించే జాతీయ స్టీరింగ్ గ్రూపుకీ ప్రతినిధులు వెళతారు. అలాంటి వరస ఉన్నచోట వాళ్ళనే పంపమను. లేనిచోట శరణార్థులు నడిపే సంస్థలను అడుగు, శిబిరాల బయట నగరాల్లో ఉండేవాళ్ళనీ, వికలాంగులనీ మర్చిపోకుండా.

ఫోటోల జోలికి మాత్రం జాగ్రత్తగా వెళ్ళు. స్వదేశంలో మిగిలిన బంధువులకు ముప్పు రావచ్చు. పేరు, ముఖం, మాట, మూడింటికీ విడివిడిగా అనుమతి అడుగు. తర్వాత మనసు మారితే తీసేస్తామని రాసివ్వు.

మాట ఎలా పంపాలంటావా? మనోవేదన వివరించే పది పేజీలు దౌత్యవేత్త చదవడు. ఒకటే పేజీ ఇవ్వు: పేరా నంబరు, ఇప్పుడున్న వాక్యం, మనం కోరే వాక్యం, ఎందుకో రెండు ముక్కల్లో. "ప్రోత్సహిస్తాం" అన్నచోట "అమలు చేస్తాం" అని మార్పించగలిగితే అదే పెద్ద గెలుపు. ముసాయిదా మొదటిసారి చేతులు మారినప్పుడే ఆ పేజీ వాళ్ళ బల్ల మీద ఉండాలి.

ఇదొక్కటే దారి అనుకోకు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలిలో ఒక సంస్థ మాట్లాడాలంటే ఎకోసాక్ (ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలి) గుర్తింపు కావాలి, దానికి సంస్థ పుట్టి కనీసం రెండేళ్ళయి ఉండాలి. చాలా దేశాల్లో శరణార్థులకు సంఘం రిజిస్టర్ చేసుకోవడమే గగనం, 1951 ఒప్పందం 15వ అధికరణం ఆ హక్కు ఇస్తున్నా సరే. అయితే ఆ మండలి ఒక్కో దేశం మానవ హక్కుల తీరును పరిశీలించే యూపీఆర్ సమీక్షకు ఆ గుర్తింపు లేకుండానే నివేదిక పంపొచ్చు: ఒక సంస్థకైతే 2,815 పదాలు, కలిసి పంపితే 5,630. ప్రతి దేశం వంతు నాలుగైదేళ్ళకోసారి వస్తుంది, గడువు సమావేశానికి చాలా నెలల ముందే ముగుస్తుంది. చూసుకో.

చివరగా, సమావేశమయ్యాక నెలలోపు వచ్చినవాళ్ళందరికీ వాళ్ళ భాషలో జవాబు పంపు. ఏ సూచన తీసుకున్నారు, ఏది వదిలేశారు, ఎందుకు. ఈ పనికి బడ్జెట్‌లో ఇప్పుడే ఒక వరస పెట్టకపోతే అప్పటికి పైసా మిగలదు.

నీ ప్రణాళిక కాగితం పంపు. నేను ముందు చూసేది తేదీలే.

ఇట్లు,
నీ మిత్రుడు