ప్యాకెట్ వెనుక దాగిన చక్కెర లెక్క: తల్లిదండ్రులకు ఈ నెల లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎండలు ముదరకముందే ఈ సంగతి మీతో చెప్పాలనుకున్నాను. రెండు మూడేళ్ల కిందట, ఒంటిపూట బడులు నడుస్తున్న రోజుల్లో, నాలుగో తరగతి బాబు ఒకడు విరేచనాలతో నీరసించి నా గదిలోని బెంచీ మీద పడుకున్నాడు. ఇంటివారు వచ్చేలోపు ఏదైనా పట్టిద్దామని ఆయమ్మను మందుల షాపుకు పంపాను. ఆమె ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు నీటిలో కలిపి పట్టించే ఉప్పు, గ్లూకోజు పొడి) అడిగితే, షాపతను ఫ్రిజ్ తెరిచి నారింజపండు బొమ్మ ఉన్న టెట్రా ప్యాక్ ఇచ్చాడు. దాని మీద ఆ మూడక్షరాలు పెద్దగా కనిపిస్తున్నాయి కాబట్టి నేను మరో ఆలోచన లేకుండా స్ట్రా గుచ్చి తాగించాను. సాయంత్రానికి విరేచనాలు ఎక్కువై బాబును ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. అక్కడి పిల్లల వైద్యురాలు ఆ ఖాళీ ప్యాక్‌ను తిప్పి, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్‌ఎస్ కాదని సన్నటి అక్షరాలతో రాసి ఉన్న వాక్యాన్ని వేలితో చూపించారు. రెండు రోజుల్లో బాబు కోలుకున్నాడు కానీ, చదవడం నేర్పే వృత్తిలో ఉండి ఆ వాక్యం చదవకుండా పిల్లవాడికి పట్టించినందుకు నేను పడిన బాధ ఇంకా తగ్గలేదు.

అసలైన ఓఆర్‌ఎస్ పొడిని లీటరు నీటిలో కలిపితే అందులో ఉండే గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. 2.6 గ్రాముల ఉప్పు, కొద్దిగా పొటాషియం క్లోరైడు, సిట్రేటు కూడా ఉంటాయి. పేగు గోడల్లో గ్లూకోజు, సోడియం జతగా లోపలికి వెళుతూ తమతోపాటు నీటిని తీసుకువెళతాయి కనుక ఆ పాళ్లు అంత కచ్చితంగా ఉండాలి. చక్కెర మితిమీరితే జరిగేది ఇందుకు విరుద్ధం: ఒంట్లోని నీరే పేగులోకి చేరి విరేచనాలు పెరుగుతాయి. ఆ పేరుతో అమ్ముడైన పానీయాల్లో లీటరుకు 100 గ్రాములు దాటి చక్కెర ఉన్నవీ ఉండేవి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ విషయమై ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టును ఆశ్రయించారు. చివరకు 2025 అక్టోబరులో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని ఏ పానీయం మీదా ఓఆర్‌ఎస్ అన్న మాట వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. మన ఊళ్లో కూర్చున్న ఒక వైద్యురాలి పట్టుదల వల్ల దేశమంతటా లేబుళ్లు మారవలసి వచ్చిందన్న సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి.

ఓఆర్‌ఎస్ ఒక్కటే అయితే ఇంత పెద్ద లేఖ అవసరం ఉండేది కాదు. పాలలో కలిపే మాల్ట్ పొడులను బలానికని కొంటాం. చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే మాటకు నిర్వచనమే లేదు కాబట్టి, అలాంటి వాటిని ఆ వర్గంలో పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అమ్మకందారులకు ప్రభుత్వం సూచించింది. గుజ్జును చిక్కబరిచి, మళ్లీ నీళ్లు కలిపి తయారుచేసే రసాల మీద ‘నూరు శాతం పండ్లరసం’ అని రాయడాన్ని అదే ఏడాది జూన్‌లో ఆహార భద్రత సంస్థ తీసేయమన్నది. సంక్రాంతికి అరిసె తిన్నా, ఉగాదికి బొబ్బట్టు తిన్నా తీపి తింటున్నామని మనకు తెలుసు, ఆ పూట తిని ఊరుకుంటాం. పిల్లల ఆరోగ్యం కోసమని డబ్బు పెట్టి కొని, తెలియకుండా రోజూ చక్కెర పట్టించడమే నన్ను కలవరపెడుతున్నది.

గత నెల ఏడో తరగతి పిల్లలను తాము తాగిన వాటి ఖాళీ ప్యాకెట్లు తెమ్మన్నాం. ఒక అమ్మాయి తెచ్చిన మామిడి పానీయం ప్యాకెట్ మీద 100 మిల్లీలీటర్లకు 13 గ్రాముల చక్కెర అని ఉంది. ప్యాకెట్ పరిమాణం 160 మిల్లీలీటర్లు. లెక్క కట్టి, సైన్సు ల్యాబులోని త్రాసులో దాదాపు 21 గ్రాముల చక్కెర తూచి, తెల్ల కాగితం మీద పోసి ఆమె ముందు పెట్టాం. ఆమె చాలాసేపు మాట్లాడకుండా దాన్నే చూసి, “మా తమ్ముడు రోజుకు రెండు తాగుతాడు మేడం” అన్నది. ఆ తరువాత కోలా సీసాను మూత తీసి మరునాటి దాకా ఉంచి, గ్యాసు పోయి వెచ్చబడిన ఆ పానీయాన్ని తలా ఒక చెంచా రుచి చూడమన్నాం. చాలామంది పాకంలా ఉందంటూ మొహం తిప్పుకున్నారు. చల్లదనం, పులుపు కలిసి తీపిని నాలుకకు తెలియనివ్వవని మాటలతో చెప్పడం కన్నా ఆ ఒక్క చెంచా బాగా చెప్పింది.

పుట్టినరోజులకు బర్గరు, వేపిన బంగాళాదుంప ముక్కలు, కూల్‌డ్రింకు కలిపి కాంబోగా తెప్పించడం ఇప్పుడు మామూలైంది. వాటిలోని ఉప్పూ నూనే మనకు కనిపిస్తాయి కానీ, చక్కెరలో ఎక్కువ భాగం గ్లాసులో ఉంటుంది. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 32 గ్రాములు, అంటే ఎనిమిది చిన్న చెంచాలు. పక్కన వేసుకునే టమాటా కెచప్ కూడా పెద్ద చెంచాకు దాదాపు ఒక చిన్న చెంచా చక్కెరను మోసుకొస్తుంది. రోజు మొత్తం శక్తిలో చక్కెర వాటా 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1500 కిలోక్యాలరీలు చాలే చిన్నపిల్లలకు ఆ 5 శాతం అంటే 19 గ్రాములే. మన దేశంలో 4 నుంచి 10 ఏళ్ల పిల్లల ఆహారంలో చక్కెర వాటా 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ల వారిలో 15 శాతం ఉందంటూ సీబీఎస్‌ఈ 2025 మేలో తన కిందున్న ప్రతి పాఠశాలలోనూ చక్కెర లెక్కలు చూపే ‘షుగర్ బోర్డు’ పెట్టమన్నది. మన బోర్డు మెట్ల పక్కనే ఉంది. వచ్చినప్పుడు చూడండి.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక ‘యాడెడ్ షుగర్స్’ అన్న గడిని చూడండి. ఆ అంకె 100 గ్రాములకా, ఒక సర్వింగుకా అన్నదీ గమనించండి. దినుసులను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాస్తారు కనుక మొదటి మూడింటిలో చక్కెర ఉంటే మళ్లీ ఆలోచించండి. లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోస్ అన్నవన్నీ చక్కెరకు మారుపేర్లే. బెల్లం, తేనె వేశారని ఆ లెక్క తగ్గదు. ఇంట్లో తీసిన పండ్లరసం కన్నా పండు కొరికి తినడమే మంచిది.

ఈ సోమవారం నుంచి డబ్బాలోగానీ సంచిలోగానీ తీపి పానీయాలు పంపవద్దని మనవి. మంచినీళ్లు, ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ చాలు. పుట్టినరోజుకు ఏదైనా పంచాలనుకుంటే జామపండ్లో, అరటిపండ్లో, పల్లీలో పంపండి. పల్లీలు పడని పిల్లలు ఉంటే ముందే క్లాసు టీచరుకు తెలియజేయండి. బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్నవి అమ్మరాదన్న నిబంధనను 2020లో తెచ్చారు. గేటు ఎదుటి దుకాణం యజమానితో నేనే మాట్లాడాను. ఆయన పిల్లల కోసం మజ్జిగ ప్యాకెట్లు తెప్పిస్తానన్నారు, ఆయనకు మీ ప్రోత్సాహం కావాలి.

ఆఫీసులో ఇప్పుడు లీటరు నీటిలో కలిపే అసలైన ఓఆర్‌ఎస్ పొడి పొట్లాలు, కాచి చల్లార్చిన నీళ్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. మీ ఇంట్లోనూ రెండు పొట్లాలు ఉంచుకోండి. పొట్లం మొత్తాన్ని ఒకేసారి లీటరు నీటిలో కలిపి, 24 గంటల తరువాత మిగిలింది పారబోయాలి. వచ్చే శనివారం సమావేశానికి మీ పిల్లలు ఎక్కువగా ఇష్టపడే పానీయం ఖాళీ ప్యాకెట్ ఒకటి తీసుకురండి, ల్యాబులో త్రాసు తెరిచి ఉంచుతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు