జర్మన్ క్లాసులో నా వయసు

నల్లగొండ

బుజ్జీ,

అమ్మ ఆశీస్సులు. మొన్న ఫోనులో నవ్వు ఆపుకోలేక సగమే చెప్పావు. మిగతాది మీ తమ్ముడి దగ్గర కూపీ లాగాను. లైప్‌జిగ్‌లో మీ జర్మన్ క్లాసు నిండా జనం వింటుండగా నాకు ఎనభై నాలుగేళ్లు వచ్చేశాయన్నమాట!

కుటుంబం గురించి చెప్పమంటే, మన వరుసలోనే ముందు నాలుగు, తర్వాత ఎనిమిది పలికావట. వాళ్లు ఒకట్లు ముందు చెప్పి పదులు తర్వాత చెబుతారు కాబట్టి 48 కాస్తా 84 అయి కూర్చుంది. మీ నాన్నకు 55, ఎటు తిప్పినా అంతే. ఆయన అదృష్టం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. నీ 23 మాత్రం తడబడకుండా చెప్పావట, కంఠతా పట్టావు కదా! ఇక వాళ్లు లెక్క వేసుకోరూ? నాకంటే ఇరవై తొమ్మిదేళ్లు చిన్నవాడితో పెళ్లి, అరవై ఒకటో ఏట కాన్పు! పక్కన కూర్చునే సిరియా అమ్మాయి "పాపం, మీ అమ్మను ఎవరు చూసుకుంటున్నారు?" అని అడిగిందట. ఆ పిల్లది మంచి మనసు. నిన్ననే ప్రకాశం బజారు నుంచి పది కిలోల బియ్యం సంచీ నేనే మోసుకొచ్చానని చెప్పు.

టీచరు అనుమానం వచ్చి "నిజమేనా?" అంటే నువ్వు అలవాటుగా తల అటూ ఇటూ ఊపావట. ఇక్కడైతే అది అవును, సరే, చూద్దాం, అన్నీను. అక్కడ అవునంటే నిలువుగా, కాదంటే అడ్డంగా. ఆవిడకు ఏదీ తేలక బోర్డు మీద రాయమంది. నువ్వు 48 రాశాక గానీ నా ముప్పై ఆరేళ్లు నాకు తిరిగి రాలేదు.

తాతయ్య సంబరం చెప్పలేను. నిజాం కాలంలో ఉర్దూలో మొదలైన చదువు, బత్తాయిలు ఇప్పటికీ ఆ లెక్కలోనే లెక్కపెడతారు, 48ని అడ్తాలీస్ అని, 84ని చౌరాసీ అని. "అడ్తాలీస్‌లో ఎనిమిదే ముందు, చౌరాసీలో నాలుగే ముందు. నా దగ్గర నేర్చుకుని ఉంటే జర్మనీలో తడబడేదా?" అంటున్నారు. అదీ నిజమే. కానీ ఆయనకు 87, నాకు 84 అని తేలినప్పటి నుంచి, పొద్దున చాయ్ ఇవ్వబోతే "ఏం చెల్లెమ్మా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?" అని పలకరిస్తున్నారు. మామగారిని తిరిగి ఏమనగలను?

నవ్వులాటకేం గానీ, ఇంటి అద్దె దగ్గర, మందుల షాపులో మాత్రం చెవిని నమ్మకు, కాగితం మీద రాయించుకో. ఫోన్ నంబర్లు కూడా అక్కడ రెండేసి అంకెలు కలిపి చెబుతారట. రెండో సగం వినేదాకా కలం కదపకు.

వచ్చే వారం సకినాలు పంపుతున్నాను. టీచరుకూ ఆ సిరియా అమ్మాయికీ పెట్టు. ఎవరు చేశారని అడిగితే అమ్మ అని చెప్పు, వయసు మాత్రం ఎత్తకు.

మీ అమ్మ