‘గ్లూటెన్ ఫ్రీ’ బోర్డు పెట్టేముందు పెనం చూసుకోండి

సంపాదకులకు నమస్కారం.

చిరుధాన్యాల టిఫిన్ సెంటర్లు ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనూ కనిపిస్తున్నాయి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపాక ఆ ఊపు ఇంకా పెరిగింది. సంతోషించాల్సిన విషయమే. అయితే జొన్నరొట్టె, రాగిదోశ, కొర్ర ఉప్మా పేర్ల పక్కన చాలాచోట్ల ‘గ్లూటెన్ ఫ్రీ’, అంటే గోధుమలాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీను లేనిది, అని కూడా రాసేస్తున్నారు. బరువు తగ్గాలనుకునేవారికి అదొక ముచ్చట. గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధి ఉన్నవారు మాత్రం ఆ రెండు మాటలను నమ్మి తింటారు. జొన్నలో గ్లూటెన్ లేదన్నది నిజమే. ఆ రొట్టె చేసిన పీట మీద, పెనం మీద లేదని ఎవరు చెప్పగలరు?

సీలియాక్ అలర్జీ కాదు, అజీర్తి అంతకన్నా కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ లోపలికి వెళ్లగానే రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరనే దెబ్బతీస్తుంది. దానికి మందు లేదు, జీవితాంతం ఆ ధాన్యాలు మానడమే వైద్యం. ‘కొంచెం తగిలితే ఏమవుతుంది’ అనేవారు ఒక్కసారి లెక్క చూడాలి. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌ను ఎక్కువమంది రోగులు తట్టుకోగలరని, 50 మిల్లీగ్రాములు రోజూ పడితే మూడు నెలల్లో పేగు పొర పాడవుతుందని పరిశోధనలో తేలింది. ముప్పై గ్రాముల పిండితో చేసిన ఒక చపాతీలో దాదాపు 3 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అందులో మూడువందల వంతుల్లో ఒక వంతు, అంటే పీటకు అంటుకున్న పొడి పిండి, ఆ 10 మిల్లీగ్రాములకు సమానం. దోశ కరకరలాడాలని పిండిలో కలిపే బొంబాయి రవ్వ ఒక్కో దోశకు చెంచాడు పడినా సుమారు 500 మిల్లీగ్రాములు లోపలికి పోతుంది.

జొన్నరొట్టె కథ వేరు. జొన్నపిండికి సాగే గుణం లేదు, వేడినీళ్లు పోసి మర్దించి చేత్తో తట్టాలి, పనితనం లేకపోతే విరిగిపోతుంది. ఆ సాగే గుణం ఇచ్చేదే గ్లూటెన్. కాబట్టి చేయి తిరగని వంటవాడు గుప్పెడు గోధుమపిండి కలుపుతాడు, రొట్టె చక్కగా వస్తుంది, బోర్డు మాత్రం మారదు. హోటల్లో జొన్నరొట్టె మరీ మెత్తగా ఉండి చపాతీలా మడత పడుతోందంటే అనుమానించాల్సిందే.

అడిగే ప్రశ్న కూడా మార్చుకోవాలి. ‘ఇందులో గోధుమ ఉందా?’ అంటే ‘లేదండీ, రవ్వే’ అని జవాబొస్తుంది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మైదా, బొంబాయి రవ్వ, సేమియా గోధుమే అన్న స్పృహ మనలో చాలామందికి లేదు. ఇడ్లీ రవ్వ మాత్రం బియ్యానిది. అందుకని పేరు పేరునా అడగాలి: మైదా వేశారా, బొంబాయి రవ్వ వేశారా, ఇంగువ ఏ రకం? ఆఖరి ప్రశ్న చాదస్తం అనుకోకండి. బజారులో దొరికే ఇంగువ ఎక్కువగా కలిపినదే. అసలు ఇంగువ జిగురును మైదాతోనో బియ్యప్పిండితోనో, తుమ్మజిగురుతో పాటు కలిపి అమ్ముతారు. డబ్బా వెనక చదివి బియ్యప్పిండి రకం తెచ్చుకోవచ్చు. పులిహోర, సాంబారు పొడి, ఇంగువ వేసిన పచ్చళ్లు అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ‘మాల్ట్’ అన్న మాటతోనూ చిక్కే. మొలకెత్తించిన రాగులతో చేసిన రాగి మాల్ట్‌కు దోషం లేదు, పాలలో కలిపే పొడుల్లోని మాల్ట్ సాధారణంగా బార్లీది.

వేయిస్తే, ఉడికిస్తే పోతుందనుకోవడం ఇంకో పొరపాటు. గ్లూటెన్ క్రిమి కాదు, ప్రోటీను. పూరీలు వేయించిన బాండీలోని నూనెలో గారె వేస్తే ఆ గారె పనికిరాదు. శానిటైజర్ పూసినా పోదు, సబ్బుతో తోమి నీళ్లతో కడిగితేనే పోతుంది. స్టీలు గిన్నెలకు అది చాలు. చపాతీ పీట, అప్పడాల కర్ర, జల్లెడ, రవ్వదోశలు పోసే ఇనప పెనం ఎంత కడిగినా నమ్మలేం, వేరేవి పెట్టుకోవాల్సిందే. పిండి మరలో గోధుమలు పట్టిన వెంటనే జొన్నలు పోస్తే రాళ్ల మధ్య మిగిలిన పిండి అంతా మన డబ్బాలోకి వస్తుంది. ముందుగా రెండు మూడు కిలోల బియ్యం పట్టించి ఆ పిండి పక్కన పెడితే కొంత నయం, ఇంట్లో చిన్న పిండి మర గానీ మిక్సీ గానీ ఉంటే మరీ మేలు. మైదా దుమ్ము గాలిలో చాలాసేపు తేలుతుంది గనుక ఈ రొట్టెలు పొద్దున్నే, గోధుమపిండి డబ్బా మూత తీయకముందే చేసుకోవాలి.

విందుల్లో ఉప్మా గరిటె పులిహోరలోకి వస్తుంది. ప్రసాదాన్ని కాదనలేక కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంటారు. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ నూకతో చేసేది. కళ్లకద్దుకుని పక్కవారికి ఇచ్చేస్తే దేవుడేమీ అనుకోడు.

పొరపాటున తగిలిందే అనుకోండి. విరుగుడు లేదు. కొన్ని గంటల్లోనో మర్నాడో వాంతులు, విరేచనాలు, ఉబ్బరం, రోజుల తరబడి నీరసం రావచ్చు. ఓఆర్‌ఎస్, అన్నం, మజ్జిగ పడితే మజ్జిగ, విశ్రాంతి. ఎంజైము మాత్రలు వేసుకుంటే ఫరవాలేదని తినడం ప్రమాదం. వాంతులు ఆగకపోయినా, పిల్లలకు మూత్రం తగ్గినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏ బాధా కనిపించనివారిలోనూ లోపల పేగు చెడుతూనే ఉంటుంది. ఒక్కసారి తగిలినదాన్ని సీలియాక్ ఆంటీబాడీలు చూసే టీటీజీ రక్తపరీక్ష పట్టుకోలేదు, పదేపదే తగులుతున్నదే బయటపడుతుంది.

దక్షిణాదిలో ఇది అరుదు కదా అనేవారున్నారు. 2016లో వెలువడిన అధ్యయనంలో రక్తంలో సీలియాక్ ఆంటీబాడీలు ఉత్తరాదిన 1.23 శాతం మందిలో, దక్షిణాదిన 0.10 శాతం మందిలోనే కనిపించాయి. కానీ ఈ జబ్బుకు వీలిచ్చే జన్యువులు రెండుచోట్లా దాదాపు సమానమే. పెద్ద తేడా గోధుమ తిండిలో ఉంది. షుగరు పేరుతో రాత్రిపూట చపాతీ మన ఇళ్లలోకి వచ్చేశాక ఆ తేడా ఎన్నాళ్లుంటుందో!

చట్టం కొంతవరకు ఉంది. కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం కిలోకు 20 మిల్లీగ్రాములు మించని గ్లూటెన్ ఉంటేనే ‘గ్లూటెన్ ఫ్రీ’ అనాలి. ప్యాకెట్ల మీద గోధుమ, బార్లీ ఉన్నట్టు ప్రకటించి తీరాలి. కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లు, పది చోట్లకు తక్కువ కాకుండా శాఖలున్నవి వంటకాల్లోని అలర్జీ కారకాలను తెలపాలి. వీధి చివరి టిఫిన్ సెంటరుకు, కాలేజీ హాస్టలు మెస్సుకు ఆ బాధ్యత లేదు. ఉభయ రాష్ట్రాల ఆహార భద్రత అధికారులు పాలు, నూనెల నమూనాలు తీసినట్టే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని అమ్మే రొట్టె, దోశపిండి నమూనాలూ తీసి, గ్లూటెన్ ఎంతుందో తేల్చే ఎలిసా పరీక్షకు పంపాలి. విడి పెనం, విడి నూనె, విడి పీట పెట్టగలిగినవారే ఆ మాట రాసుకోవాలి. అది కుదరనివారు ‘గోధుమపిండి వాడే వంటగదిలో చేసినది’ అని అదే బోర్డు మీద ఒక్క ముక్క రాయించినా చాలు, తినాలో వద్దో రోగి తేల్చుకుంటాడు.

– ఒక పాఠకురాలు, హనుమకొండ