‘ఏటంటే’ మీద కత్తెర వేసే ముందు

సంపాదకులు గారికి నమస్కారములు.

ఇంట్లోనే ముఖాముఖీలు రికార్డు చేసి అంతర్జాలంలో పెడుతున్న యువతకు సూచనలిస్తూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. మైకు నోటికి ఎంత దూరంలో ఉండాలి, పంకా ఎందుకు ఆపాలి వంటి విషయాల్లో అది ఉపయోగకరంగానే ఉంది. అయితే ‘ఊతపదాలు ఒక్కటి కూడా మిగలకుండా ఏరివేయాలి, అప్పుడే శ్రోత నిలుస్తాడు’ అన్న సలహా దగ్గర మాత్రం నా మనసు ఒప్పలేదు. నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుడిని. కొన్నేళ్లుగా మా శ్రీకాకుళం జిల్లాలో పెద్దవాళ్ల మాటలను రికార్డు చేసి, వాటిని నేనే కూర్చుకుంటున్నాను (ఎడిటింగు). ఆ సలహాను తుచ తప్పకుండా పాటించి ఒక మంచి రికార్డింగును పాడుచేసుకున్నవాడిని గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను మొదట కూర్చినది పొందూరులో నూలు వడికే ఒక పెద్దావిడ చెప్పిన ముచ్చట. పొందూరు ఖద్దరుకు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారన్న సంగతి మీ పాఠకుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. ఆ సన్నని పళ్ల మీదుగా లాగినప్పుడు పోగులు తిన్నగా సాగి, వాటిని పట్టుకున్న నలక రాలిపోతుంది. ఆ పని చేసి చూపిస్తూ ఆవిడ అన్న మాట ఇది: “అదేటంటే బాబూ, ఈ సేప పల్లుంతాయి సూడు, మరి, దీంతోటి ఏకితేనే గదా, ఏటి, దూది మెత్తగొస్తాది.” అప్పటి నా తెలివికి ఇందులో అదేటంటే, సూడు, మరి, గదా, ఏటి అన్నీ వ్యర్థంగానే కనిపించాయి. ఇరవై నిమిషాల రికార్డింగు మీద రెండు రాత్రులు కూర్చుని అన్నింటినీ తీసివేసి, గర్వంగా ఆవిడ కూతురికి వినిపించాను. ఆమె కొంతసేపు విని, “మా అమ్మ ఇలా మాటాడదు మాస్టారూ, ఎవులో ఎనకాల తరుముతన్నట్టుంది” అంది. ఆ ఒక్క మాటతో నా రెండు రాత్రుల పనితనం తేలిపోయింది.

తరువాత ఆ రికార్డింగును మళ్లీ మళ్లీ విన్నాను. ‘సూడు’ అన్నప్పుడు ఆవిడ ఎముకను నా వైపు తిప్పి చూపిస్తోంది. ‘గదా’ అన్నది నన్ను కూడా ఆ పనిలోకి పిలవడం. వినేవాడికి ఎముక కనిపించదు గనుక ఆ రెండు మాటలే అతని కళ్లు. నిజంగా ఏ పనీ లేకుండా ఉన్నది ఆ వాక్యంలో ‘ఏటి’ ఒక్కటే, అది కూడా ఆవిడ తరువాతి మాట కోసం వెతుక్కుంటున్న క్షణం.

తెలుగులో ఈ వ్యవహారం ఎందుకు చిక్కుగా ఉంటుందో ఒక్క ‘అంటే’ను తీసుకుని చెబుతాను. ‘రమ్మంటే రాలేదు’లో అది వాక్యానికి కీలు. ‘ఏకు అంటే దూది చుట్ట’ అన్నప్పుడు అర్థం చెప్పే మాట. మాట దొరక్క ‘అంటే… అంటే…’ అని సాగదీసినప్పుడు మాత్రమే అది ఊతపదం. వీటన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. ఉద్దానంలో ఒక కొబ్బరి రైతు తన తోట గురించి చెబుతూ “రెండు… అంటే, మూడెకరాలు” అన్నాడు. పొరపాటున రెండు అని, వెంటనే దిద్దుకుని మూడు అన్నాడన్నమాట. ఊతపదమని ‘అంటే’ను తీసి, ముందున్న విరామాన్ని కూడా కుదిస్తే మిగిలేది “రెండు మూడెకరాలు”. దాని అర్థం వేరే అని ఏ తెలుగువాడికీ చెప్పనక్కరలేదు. కచ్చితంగా చెప్పిన మనిషిని సుమారుగా చెప్పినవాడిగా మార్చేశాము, ఆయన నోటితోనే. దిద్దుబాటును శుభ్రం చేయదలిస్తే తప్పు మాటతో కలిపి తీయాలి, లేదా రెండింటినీ ఉంచాలి.

అదే విధంగా వాక్యం చివరి ‘అట’ను, దాని పొట్టి రూపమైన ‘ట’ను కూడా నసగా భావించి కత్తిరించేవారిని చూశాను. ‘వచ్చాడట’ అన్న మనిషి తాను చూడలేదని నిజాయితీగా చెబుతున్నాడు. ‘వచ్చాడు’ అని వినిపిస్తే అతన్ని సాక్షిగా నిలబెట్టినట్టే.

ఇప్పుడు ఊతపదాలను తామే కనిపెట్టి ఒక్క మీటతో తొలగించే పనిముట్లు వచ్చాయి. ఇలాంటివి ముందుగా ఆంగ్ల సంభాషణ కోసం తయారైనవి. ఆంగ్లంలో తడబాటుకు చేసే శబ్దానికి మరో అర్థం సాధారణంగా ఉండదు, కాబట్టి అక్కడ పని కొంత సులువు. మనకు ‘ఆ’ అన్నది తడబాటూ అవుతుంది, ‘ఆ ఊరు’లో వేలు చూపే మాటా అవుతుంది, కాస్త ముక్కుతో పలికితే ఔననడమూ అవుతుంది. కొన్ని పనిముట్లు వెంటవెంటనే రెండుసార్లు వచ్చిన మాటను కూడా తడబాటు కింద లెక్కగడతాయి. “నడిచి నడిచి వచ్చాము” అన్న మనిషిని అవి “నడిచి వచ్చాము” అనిపిస్తాయి. ఆ రెండో ‘నడిచి’లోనే ఎండ, దూరం, అలుపు ఉన్నాయని యంత్రానికి ఎవరు చెబుతారు? అవి గుర్తించి చూపించినంత వరకు మేలే, తీసివేసే నిర్ణయం మాత్రం తెలుగు విన్న చెవికే వదలాలి.

నిశ్శబ్దం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నిర్ణీత కాలం మించిన విరామాలను ఒకేసారి కుదించే సాధనం ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులోనే ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి గురించి పైన చెప్పిన రైతునే నేను అడిగాను. “ఆ రేత్రి… మరి… ఆఁ…” అని ఆగిపోయాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. దూరాన ఎవరో బాల్చీ దించిన చప్పుడు, ఒక కాకి అరుపు, అంతే. అప్పుడు “తెల్లారి సూస్తే సెట్టు నేదు బాబూ” అన్నాడు. కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడాలి కాబట్టి ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఆయనకు అంత సమయం పట్టడంలో వింత లేదు. పరీక్ష కోసం ఆ విరామాన్ని అర సెకనుకు కుదించి చూశాను. వాతావరణ సూచన చదివినట్టు వినిపించింది. ఇక ఆ సాధనం జోలికి పోలేదు.

తడబాటు శబ్దాలు కేవలం చెత్త కావన్నది నా ముసలి చాదస్తం కాదు. ఆంగ్ల సంభాషణలను పరిశీలించిన హెర్బర్ట్ క్లార్క్, జీన్ ఫాక్స్ ట్రీ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన వ్యాసంలో, ‘అ’ వంటి శబ్దం చిన్న ఆలస్యాన్నీ ‘అమ్’ వంటిది పెద్ద ఆలస్యాన్నీ వినేవాడికి ముందుగానే సూచిస్తాయని, అందువల్ల వాటిని మాటలుగానే లెక్కించాలని వాదించారు. మన ఊళ్లలో కథ చెప్పేవాళ్లకు ఈ సంగతి రెండో వైపు నుంచి తెలుసు. వినేవాడు ఊఁ కొట్టకపోతే కథ ఆగిపోతుంది.

అలాగని నేను దేనినీ తీయవద్దనే పక్షం కాదు. మొదట నా ఊఁలు తీసేస్తాను. ఎదుటివారు చెబుతుంటే నేను కొట్టిన ఊఁలు మైకులో పక్కన పడి, వినేవాడికి తలుపు కొడుతున్నట్టు ఉంటాయి, అయితే ఆయన మాట మీద పడ్డ ఊఁను తీయబోతే ఆ మాట కూడా తెగుతుంది కాబట్టి దానిని వదిలేస్తాను. (ఇప్పుడు రికార్డు చేసేటప్పుడు తల ఊపడంతో సరిపెట్టుకుంటున్నాను. దానికి నా నోటికి ఏడాది శిక్షణ పట్టింది.) మైకు కొత్తగా చూసిన బెరుకులో మొదటి రెండు మూడు నిమిషాలు దొర్లే ‘మరి, మరి’లను ధారాళంగా తీస్తాను. అవి ఆ మనిషివి కావు, మైకువి. ఒకే వాక్యంలో మూడుసార్లు వచ్చిన ‘అన్నమాట’ను ఒకటికి తగ్గిస్తాను. నత్తి ఉన్నవారి మాటను మాత్రం వారిని అడగకుండా ముట్టుకోను. ప్రజాప్రతినిధి ఒక ప్రశ్నకు జవాబు చెప్పడానికి తటపటాయించిన రికార్డింగులో ఆ తటపటాయింపును తీసివేయడం కూర్పు కిందికి రాదు, ఆయనకు చేసిన సాయం కిందికి వస్తుంది. వార్తలకు ఆడియో వాడే మీవంటి పత్రికలు దీని మీద గట్టిగా ఉండాలి.

తీయదలచిన దాన్ని తీయడంలోనూ మన భాషకు సొంత ఇబ్బంది ఉంది. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగిసి, తరువాతి మాటతో సంధిలో కలిసిపోతాయి. ‘మరిప్పుడు’ అన్నదాంట్లో ‘మరి’ ఎక్కడ ముగిసిందో తెర మీది తరంగంలో ఎంత వెతికినా కనిపించదు. అక్కడ కోస్తే ‘ఇప్పుడు’కు తల తెగుతుంది. అలాంటి దానిని అలాగే వదలడమే మేలు. తరువాతి మాట క, ట, ప వంటి హల్లుతో మొదలైతే పలికే ముందు నోరు మూసుకునే అతి చిన్న ఖాళీ ఉంటుంది, కోత అక్కడ పడాలి. రెండు అంచులనూ పది మిల్లీసెకన్ల పాటు ఒకదానిలో ఒకటి కలిపితే టిక్కుమనే చప్పుడు రాదు. తీసిన చోట వెలితి పూడ్చడానికి, మొదటే అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది శబ్దాన్ని రికార్డు చేసి ఉంచుకోవాలి. పొందూరులో ఈ చివరి ఉపాయం కూడా నాకు పనిచేయలేదు. పక్క గదిలో మగ్గం ఆడుతోంది. నేను ఎక్కడ మాట తీస్తే అక్కడ మగ్గం ఒక దెబ్బ తప్పింది. నేతపని తెలిసిన ఊరిలో ఆ తప్పు చిన్నపిల్లలు కూడా పట్టుకుంటారు.

నన్ను ఎక్కువగా బాధించినది మరో సంగతి. నా రికార్డింగుల్లో ఒకదాన్ని అడిగి తీసుకున్న ఒక ఆడియో చానెల్ దాన్ని తమ పద్ధతిలో శుద్ధి చేసి ప్రసారం చేసింది. అందులో మా మనిషి అన్న ‘ఏటి’, ‘గదా’, ‘ఓలమ్మ’ అన్నీ పోయాయి. పరిచయం చేసిన యువకుడి ‘సో’, ‘బేసిగ్గా’, ‘యాక్చువల్లీ’ మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇదేమిటని అడిగితే అవి మాటతీరు, ఇవి ఊతపదాలు అని జవాబిచ్చారు. ఏది మాటతీరో నిర్ణయించే హక్కు ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. 1863లో మా శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాషను కాగితం మీదికి తేవడానికి జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. జనం గొంతే నేరుగా చేతికి అందుతున్న కాలంలో దానిలోంచి మా యాసను నలకలా ఏరి పారేయడం ఎంతవరకు సబబు?

వెనుకటి రేడియో కేంద్రాల్లో టేపును బ్లేడుతో కోసి అతికించేవారు. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో నడిచే టేపులో అర సెకను ‘ఆ’ అంటే నాలుగు అంగుళాల లోపు ముక్క. ప్రతి కోతకూ శ్రమ, వస్తువు నష్టం రెండూ ఉండేవి గనుక చేయి ఆచితూచి కదిలేది. ఇప్పుడు కోయడం తేలిక. అసలు ప్రతిని దాచడం కూడా అంతే తేలిక అయినప్పుడు దాన్ని ఎందుకు చెరిపేస్తున్నారో నాకు అర్థం కాదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల నాణ్యతతో ఒకే మైకు రికార్డింగు గంటకు దాదాపు 520 మెగాబైట్లు అవుతుంది. ఈనాటి పెన్‌డ్రైవులో అది ఒక మూలకు చాలదు. నేను అసలు ప్రతిని ముట్టుకోకుండా రెండు చోట్ల ఉంచి, కూర్పును వేరే ప్రతి మీదే చేస్తున్నాను.

పొందూరు పెద్దావిడ రికార్డింగును రెండోసారి కూర్చి, ఈసారి ఆవిడకే వినిపించాను. తన ‘అదేటంటే’ విన్నప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తీసేయమంటారా అమ్మా అని అడిగితే, “అది తీసేత్తే నానెవుల్ని బాబూ” అంది. ఆవిడ తీసేయమన్నది వేరే ఉంది. మధ్యలో ఒకచోట, పత్తి ఎండలో పెట్టడం మరిచిపోయిందని కోడలిని కసిరింది. నాకు అది చాలా సహజంగా, ముచ్చటగా తోచి ఉంచుకున్నాను. ఊరంతా వింటుందని, ఆ పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఆవిడ పట్టుబట్టింది. తీసేశాను.

మీ పత్రిక కూడా ఈమధ్య తన యాప్‌లో ముఖాముఖీల ఆడియోను ఉంచుతోంది. కూర్చిన ప్రతి రికార్డింగు కింద ‘మాటలు తొలగించి కూర్చినది’ అని ఒక్క పంక్తి వేయాలని, ఉత్తరాంధ్ర మనుషుల మాటలను కత్తిరించే ముందు ఆ ప్రాంతపు మాట తెలిసిన ఒకరి చేత వినిపించాలని కోరుతున్నాను. ఆ వినే పనికి మనిషి కావాలంటే, ఇంటి దగ్గర ఖాళీగానే ఉంటున్నాను.

ఇట్లు
తమ విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పొందూరు, శ్రీకాకుళం జిల్లా